నోటికి అడ్డం పెట్టిన చెయ్యి



పోయిన నెల ఒక ఆదివారం బుద్ధవందన అయిపోయి అందరూ లేచి పోతున్నారు. ఒక అమ్మాయి మాత్రం గోడ పక్కన అట్లనే కూర్చున్నది. ఆమెది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. వయసు 22 ఏండ్లు. డిగ్రీ పూర్తయింది. దగ్గరికి పిలిస్తే వచ్చి కూర్చున్నది.

"తాతా, రేపు సోమవారం పండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె. పేరు గూడ రాయించిన. కానీ వారం సంది నిద్ర పడ్తలేదు. పోవాల్నా వద్దా సమజైతలేదు" అన్నది.

ఈ నాలుగు మాటలు చెప్పేటప్పుడు కూడా ఆమె కుడి చెయ్యి నోటికి అడ్డంగానే ఉన్నది. మన జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ చెయ్యి ఎందుకు అడ్డం వస్తదో వివరించాల్సిన పని లేదు. గార పండ్లు. పసుపు, గోధుమ రంగు చారలు. బడిలో వెక్కిరింపు, పెండ్లిచూపుల్లో గుసగుస, ఇంటర్వ్యూలో నవ్వకుండా బిగబట్టిన పెదవులు.

"బిడ్డా, నీకు దేని భయం? ఒక్కొక్కటి లెక్కబెట్టి చెప్పు" అన్నాను. వేళ్లు మడిచి చెప్పింది. ఒకటి, నోరు తెరువంగనే డాక్టర్ అసహ్యించుకుంటడేమో. రెండు, పండ్లు కోస్తరేమో, నొప్పి పుడ్తదేమో. మూడు, ఎన్ని వేలు అడుగుతరో. నాలుగు, ఇంత చేసి ఇది పోదు అంటరేమో. ఆగి, అయిదో వేలు మడిచింది. "మా అమ్మ అంటది తాతా, ఇది పోయిన జన్మల పాపమట. పాపాన్ని డాక్టర్ ఎట్ల తీస్తడు అంటది."

ఆ రోజు ఆమెతో మాట్లాడిందే ఈ పత్రంలో రాస్తున్నాను. ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదు. నల్లగొండలో, పాలమూరులో ఇట్లాంటి చేతులు ఎన్నో ఇండ్లలో ఉన్నాయి.

మరక ఎక్కడిది?

అయిదో వేలు నుంచే మొదలు పెడదాం. అది విడిస్తే మిగతా నాలుగు వేళ్లు విడవడం సులువు.

బుద్ధుడు చెప్పిన మూల సూత్రం ఒకటున్నది. ఏదీ ఊరికే పుట్టదు, కారణం ఉంటేనే పుడుతుంది. కారణం పోతే అది కూడా పోతుంది. దీన్నే పటిచ్చసముప్పాదం అంటాం. మరి ఈ మరకకు కారణం ఏమిటి? మన నేల కింద రాయిలో ఫ్లోరైడ్ ఉన్నది. లోతు బోరు నీళ్లలో అది కరిగి వస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా 1.5 మించకూడదనీ మన దేశ ప్రమాణం. మన ఊళ్లలో ఎన్నో బోర్లు దీన్ని దాటినవే. చిన్నపిల్లల దవడలో శాశ్వత దంతాలు తయారయ్యే వయసు, అంటే సుమారు ఎనిమిదేండ్ల లోపు, ఆ నీళ్లు తాగితే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు. తెల్లని మచ్చలతో మొదలై, ఎక్కువైతే గోధుమ రంగు చారలు, గుంటలు పడతాయి. ఇది అంటువ్యాధి కాదు. తల్లి నుంచి బిడ్డకు రక్తంలో వచ్చేది కాదు. పండ్లు తోముకోకపోవడం వల్ల వచ్చిందసలే కాదు.

"మీ ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నరా?" అని అడిగాను. "మా అన్న కొడుకు, తొమ్మిదేండ్లు." "వాని పండ్లు ఎట్లున్నయ్?" ఆమె చాలాసేపు ఆలోచించింది. "తెల్లగనే ఉన్నయ్ తాతా." అదే ఇల్లు, అదే వంశం. మధ్యలో మారింది ఒక్కటే. వాడు పుట్టినంక ఇంటికి కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. పాపం పోయిన జన్మదైతే నల్లా పైపుతో పోతదా బిడ్డా?

బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ పోయిన జన్మ కర్మ వాదాన్ని గట్టిగా ఖండించారు. పేదవాడి దుస్థితికి వాని పాత పాపమే కారణమని చెప్తే, సమాజం, ప్రభుత్వం తమ బాధ్యత నుంచి తప్పించుకుంటాయని ఆయన విమర్శ. మన జిల్లా కథ చూడండి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఎడమ కాలువ మిర్యాలగూడ దిక్కు పొలాలు తడిపింది. ఎత్తు మీద ఉన్న మునుగోడు, మర్రిగూడ దిక్కు జనం మాత్రం దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఫ్లోరైడ్ గోస ఢిల్లీకి వినపడాలని జనం చేసిన నిరసన అది. ఆ జనం మా తలరాత అని ఊరుకోలేదు. కారణాన్ని పట్టుకుని అడిగారు.

బాబాసాహెబ్ రాసిన బుద్ధ చరిత్రలో సిద్ధార్థుడు ఇల్లు విడిచింది కూడా నీళ్ల తగాదా వల్లనే. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులు, కోలియులు యుద్ధానికి దిగితే ఆయన వద్దన్నాడు, అందుకే దేశం విడవాల్సి వచ్చింది. బాబాసాహెబ్ కూడా 1927 మార్చి 20న మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. మన ధమ్మంలో నీళ్లు చిన్న విషయం కాదు.

కాబట్టి తల్లులారా, పిల్లల ముందు పాపం అనే మాట వాడకండి. ఆ మాట మరక కన్నా లోతుకు దిగుతుంది.

రెండో బాణం

ఇప్పుడు మిగతా నాలుగు వేళ్లు. బుద్ధుడు భిక్షువులకు ఒక పోలిక చెప్పాడు. ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి ఉన్నది. వెంటనే రెండో బాణం కూడా తగిలితే? రెండు నొప్పులు పడాలె. శరీరానికి వచ్చే బాధ మొదటి బాణం. దాని గురించి ఏడ్చి, భయపడి, కుమిలిపోయి మనం తెచ్చుకునేది రెండోది. జ్ఞాని కూడా మొదటి బాణం తప్పించుకోలేడు. రెండోదాన్ని తగలనియ్యడు.

"నీ మరక మొదటి బాణం. వారం సంది నిద్ర లేదంటివి, అది రెండోది. డాక్టర్ ఇంకా నీ మొఖం చూడలే. ఆయన అసహ్యించుకున్నడని నువ్వే ఏడు రాత్రులు చూసినవ్" అన్నాను. ఆమె నవ్వింది. చెయ్యి అడ్డమే ఉన్నది గానీ నవ్వింది.

భయపడొద్దు అని చెప్పడం ధమ్మం కాదు. వద్దంటే పోయేదైతే ఎప్పుడో పోయేది. భయాన్ని చూడుమని చెప్పడమే ధమ్మం. అరచేతుల చెమట, గుండె దడ, కడుపులో తిప్పుడు, ఇవి శరీరంలో జరిగేవి. అవి లేస్తాయి, కాసేపు ఉంటాయి, పోతాయి. 'నేను పిరికిదాన్ని' అనుకుంటే భయం మనమే అయిపోతాం. 'ఇప్పుడు భయం ఉన్నది' అనుకుంటే భయం వేరు, చూసే మనం వేరు.

ఇది సోకు కాదా?

మన వాళ్లలోనే కొందరు అంటారు: శరీరం అనిత్యం, పండ్లు అనిత్యం, బౌద్ధులమై ఉండి తెల్ల పండ్ల కోసం డాక్టర్ దగ్గరికి పోవుడేంది, సోకు కాకపోతే.

ఇది తొందరపాటు మాట. దంతధావనం పుల్ల వాడని భిక్షువుల నోరు వాసన వస్తుంటే, దాని ప్రయోజనాలు చెప్పి పుల్ల వాడమని బుద్ధుడే అనుమతించినట్టు వినయపిటకంలో ఉన్నది. ఆయన జబ్బుపడితే జీవకుడనే వైద్యుడు మందిచ్చాడు, ఆయన పుచ్చుకున్నాడు. విరేచనాలతో పడి ఉన్న ఒక భిక్షువును ఆనందునితో కలిసి తన చేతులతో కడిగాడు. వైద్యానికీ ధమ్మానికీ పేచీ లేదు. అలంకారం విడిచే నియమం భిక్షువులకు, అష్టశీలం పాటించే రోజున ఉపాసకులకు. రోజువారీ గృహస్థులకు ఉన్నది పంచశీలమే. అందులో పంటికి చికిత్స చేయించుకోవద్దని లేదు.

అయితే అవతలి కొస కూడా ఉన్నది. మొఖమే సర్వస్వం అనుకుని, గుంట భూమి అమ్మి, మిత్తికి తెచ్చి, ఉన్న పండ్లన్నీ అరగదీయించి పింగాణీ తొడుగులు వేయించుకోవడం. ఇదొక అతి, అదొక అతి. మధ్యమ మార్గం ఏందంటే, అవసరమైనంత వైద్యం, తాహతుకు తగిన ఖర్చు, తెలిసి తీసుకున్న నిర్ణయం. పోయే ముందు ఒక్క ప్రశ్న మనసును అడగాలె. 'ఇది నా సుఖం కోసమా, నన్ను వెక్కిరించినవాళ్ల నోరు మూయించడానికా?' మొదటిదైతే కొంచెంతో తృప్తి దొరుకుతుంది. రెండోదైతే ఎంత తెలుపు వచ్చినా చాలదు.

డాక్టర్ గది ముందు

ఆమెకు చెప్పిన పనులు ఇవి. మీ పిల్లలకు కూడా చెప్పండి.

పొద్దున బయలుదేరే ముందు పది నిమిషాలు కూర్చోండి. వెన్ను నిటారుగా, కండ్లు మూసుకుని. ఊపిరి లోపలికి పోతున్నదని తెలుసుకోండి, బయటికి వస్తున్నదని తెలుసుకోండి. పొడుగు ఊపిరైతే పొడుగు, పొట్టిదైతే పొట్టి. దాన్ని మార్చొద్దు, చూడండి అంతే. ఆనాపానసతి ఇదే. మనసు డాక్టర్ దగ్గరికి ఉరుకుతుంది. ఉరికిందని తెలియగానే మళ్లీ ఊపిరి దగ్గరికి తేవాలె. ఇరవైసార్లు ఉరికితే ఇరవైసార్లు. బస్సులో కూడా ఇది చేయొచ్చు, బయట బెంచీ మీద కూడా చేయొచ్చు.

ఇంకొకటి. కొత్తగా చేరిన శ్రామణేరునికి మొదట ఇచ్చే ధ్యాన విషయం వెంట్రుకలు, రోమాలు, గోళ్లు, దంతాలు, చర్మం. అయిదింటిలో దంతాలు ఒకటి. శరీరాన్ని అసహ్యించుకొమ్మని కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమని. పండ్లు పండ్లే. అవి మన పరువు కాదు, మన కులం కాదు, మన తెలివి కాదు.

మొదటిసారి పోవడమంటే చూపించుకోవడం, మాట్లాడటం. ఆ రోజే అన్నీ చేయించుకోవాలని లేదు. 'ఆలోచించి చెప్తాను సార్' అనే హక్కు మనకున్నది. మన జిల్లాల్లో గార పండ్లు చూడని దంత వైద్యులు ఉండరు. మన నోరు వాళ్లకు కొత్త కాదు.

అడగాల్సినవి కాయితం మీద రాసుకోండి. భయంలో నోటికి మాట రాదు, కాయితం మాట్లాడుతుంది. మరక ఎంత లోతు ఉన్నది? పన్ను తక్కువ అరగదీసే పద్ధతి ఏది, ముందు అది చేయొచ్చా? ఎన్నిసార్లు రావాలె? మొత్తం ఖర్చు ఎంత, ముందే రాసిస్తారా? ఎన్నేండ్లు నిలుస్తుంది, తర్వాత మళ్లీ చేయించాల్నా? జివ్వున లాగుతుందా? ఏమీ చేయించకపోతే నష్టమేమన్నా ఉందా?

పైపైన ఉన్న మరకకు తెలుపు చేసే మందు, పైపొరను చాలా పల్చగా రుద్ది తీసే పద్ధతి ఉన్నాయి. ఇంకొంచెం ఎక్కువైతే పంటి రంగు మందు అతికిస్తారు. బాగా లోతైతే పల్చటి పొరలు, తొడుగులు. చివరి వాటికి మామూలుగా పన్నును కొంత అరగదీయాల్సి వస్తుంది. తీసిన పైపొర మళ్లీ పెరగదు. అందుకే చిన్న పద్ధతి నుంచి పెద్దదానికి పోవాలె గానీ, పెద్దదానితో మొదలు పెట్టొద్దు. ఇటుక పొడి, బొగ్గు, నిమ్మరసం, సంతలో అమ్మే పొడులతో రుద్దొద్దు. మరక పొర లోపల ఉంటుంది. రుద్దితే పొర పోతుంది, మరక ఉంటుంది.

నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. ఒక్కచోట చెప్పిన మాట మీద అనుమానం ఉంటే ఇంకోచోట చూపించుకోండి. కలామ ప్రజలకు బుద్ధుడు చెప్పింది కూడా అదే కదా, ఎవరో చెప్పారని నమ్మక, పరీక్షించి చూడమని. ఒంటరిగా పోకండి. తోడు ఒక స్నేహితురాలో, వదినో ఉండాలె. కల్యాణమిత్రులు అంటే పెద్ద పెద్ద విషయాలకే కాదు, ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చునేందుకు కూడా.

లకుంటక భద్దియుడు

బుద్ధుని సంఘంలో లకుంటక భద్దియుడనే భిక్షువు ఉండేవాడు. మరుగుజ్జు. చూడటానికి బాగుండడు. తోటి భిక్షువులే ఆయనను చులకనగా చూసేవారు. ఒకనాడు ఆయన వెనకాల నడుచుకుంటూ వస్తుంటే బుద్ధుడు మిగిలిన భిక్షువులతో అన్నాడు: ఆ వస్తున్న భిక్షువును చూశారా, పొట్టివాడు, రూపం లేనివాడు, మీరు చిన్నచూపు చూసేవాడు. ఆయన సామర్థ్యం గొప్పది. దేని కోసం మనుషులు ఇల్లు విడిచి వస్తారో దాన్ని ఆయన సాధించాడు.

ఇంకొక సంగతి. ఎవరు దేనిలో శ్రేష్ఠులో బుద్ధుడు చెప్పిన వరుసలో ఈ భద్దియుని పేరు కూడా ఉన్నది. మధురమైన కంఠం గలవారిలో ఆయన మొదటివాడు. రూపం చూసి మొఖం తిప్పుకున్నవాళ్లు ఆ కంఠాన్ని పోగొట్టుకున్నారు. ఆయన మాత్రం వాళ్లు నవ్వుతారని నోరు మూసుకోలేదు.

ఈ కథ వెక్కిరించేవాళ్లకు కూడా. గార పండ్లోడా, గార పండ్లదానా అని మన వాడలోనే పిలుస్తున్నాం. సమ్మావాచ, అంటే మంచి మాట, అష్టాంగ మార్గంలో ఒక భాగం. అబద్ధం ఆడకపోతే చాలదు. మనిషిని పొడిచే మాట ఆడకూడదు. ఆ పిలుపు విన్న పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకుంటుంది.

ఆ చెయ్యి మనకు కొత్తది కాదు. మన తాతలు దొరల ముందు చెప్పులు చేతబట్టి, నోటికి చెయ్యో కండువానో అడ్డం పెట్టుకుని, బాంచన్ అని మాట్లాడారు. తమ ఊపిరి కూడా ఎదుటివానికి మైల అని వాళ్లకు నేర్పించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్నది ఆ చెయ్యి దించడానికే. దీక్ష తీసుకున్న ఇంట్లో పుట్టిన ఆడపిల్ల, దొర లేకపోయినా, ఇంకా చెయ్యి అడ్డం పెట్టుకుంటే మనం ఆలోచించాలె. మరక తీసేది డాక్టర్. చెయ్యి దించేది మాత్రం మనమే.

సోమవారం తర్వాత

మరుసటి ఆదివారం ఆమె వచ్చింది. వాళ్ల వదినను తోలుకుని పోయిందట. బెంచీ మీద ఊపిరి చూద్దామంటే నాలుగైదుసార్లు కూడా కుదరలేదట. గుండె దడ తగ్గలేదట. అయినా పేరు పిలిస్తే లేచిందట. కాయితం తీసి చదివిందట. డాక్టరమ్మ అన్నిటికీ జవాబు చెప్పిందట. పై వరుస ముందు పండ్లకు చిన్న పద్ధతితో మొదలు పెడతామన్నదట. ఒక్క పన్ను మీద గుంట లోతు ఉన్నది, అది పూర్తిగా తెల్లబడదు అని కూడా చెప్పిందట.

"మరి నాలుగో భయం నిజమైంది గదా బిడ్డా" అన్నాను.

"ఒక్క పన్నే గదా తాతా, ఉంటే ఉండనీ" అన్నది.

ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి సగం దాకా లేచింది. అలవాటు. ఆమెకే తెలిసి, మెల్లగా ఒళ్లో పెట్టుకున్నది. సతి అంటే అదే. చెయ్యి లేవకపోవడం కాదు, లేచిందని తెలుసుకోవడం. తెలుసుకున్నది కాబట్టి దించగలిగింది. ఇంకా ఎన్నిసార్లు లేస్తదో, అన్నిసార్లు దించుతది.

ఉపాసకులారా, ఇంటికి పోయినంక మీరు చేయాల్సినవి మూడు. మీ వాడలో చిన్నపిల్లలు తాగే నీళ్లు ఎక్కడివో కనుక్కోండి. నల్లా బందైనప్పుడు మళ్లీ పాత బోరు దిక్కు పోకుండా పంచాయతీని అడగండి. బోరు నీళ్లే గతి అయితే పరీక్ష చేయించండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని పేరు. దాన్ని తయారు చేసింది నాగపూర్‌లోని నీరీ సంస్థ. రెండు, పండ్ల మీద వెక్కిరింపు ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. మూడు, డాక్టర్ దగ్గరికి పోవడానికి జంకుతున్న పిల్ల ఉంటే ఉపన్యాసం చెప్పకండి. తోడు పోండి.

వచ్చే ఆదివారం త్రిశరణ పంచశీలాలు ఆ అమ్మాయే ముందుండి చెప్పిస్తది. ఆమె కంఠం బాగుంటది. అందరూ రండి.

సకల జీవులు భయం లేక బతకాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.